కిట్ స్పీకర్లలో ఖరీదైన క్రాస్‌ఓవర్ భాగాలు: పెట్టే సొమ్ముకు తగిన ఫలితం దక్కుతుందా?

పానగల్లు శ్రోత (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్థాయి ధ్వనిని పలికించే డ్రైవర్), అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్ (పైస్థాయి ధ్వనిని పలికించేది) ఉన్న టూవే బుక్‌షెల్ఫ్ స్పీకర్ల కిట్ ఒకటి తెప్పించుకోవాలని నిశ్చయించుకున్నాను. డ్రైవర్లు, క్రాస్‌ఓవర్ (ధ్వనిని విడదీసి వూఫర్‌కు, ట్వీటర్‌కు పంచే సర్క్యూట్) విడిభాగాలు, బాక్సు కొలతల పటం అమ్మకందారే పంపిస్తారు. బాక్సులను మాత్రం ఇక్కడే వడ్రంగితో చేయించుకోవాలి. జత కిట్ ధర 28,000 రూపాయలు. అదే కిట్‌ను మేలురకం క్రాస్‌ఓవర్ భాగాలతో తీసుకుంటే మరో 11,500 రూపాయలు అదనంగా కట్టాలంటున్నారు. రెండింటిలోనూ డ్రైవర్లు అవే, సర్క్యూట్ పటం అదే, కెపాసిటర్లు, కాయిళ్ల మీద ముద్రించిన విలువలూ అవే.

మామూలు కిట్‌లో ట్వీటర్‌కు వరుసలో 6.8 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, వూఫర్‌కు వరుసలో 1.5 మిల్లీహెన్రీల ఇనుప కోర్ (నడుమ ఇనుము ఉన్న) కాయిల్, వూఫర్‌కు సమాంతరంగా 10 మైక్రోఫారడ్ల మరో ఎలక్ట్రోలైటిక్, ట్వీటర్‌కు సమాంతరంగా గాలి కోర్ కాయిల్ ఒకటి, ట్వీటర్ ధ్వనిని వూఫర్ స్థాయికి తగ్గించడానికి తెల్లటి సిమెంటు రెసిస్టర్లు ఉన్నాయి. మేలురకంలో కెపాసిటర్లన్నీ ఐరోపాలో తయారైన పాలీప్రాపిలీన్‌వి (ప్లాస్టిక్ ఫిల్మ్ రకం), వూఫర్ కాయిల్ కూడా గాలి కోర్‌ది (నడుమ ఇనుము లేనిది), రెసిస్టర్లు ఇండక్టెన్స్ (కాయిల్ లక్షణం) లేని రకానివి.

నేను ఎక్కువగా వినేది కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, మా చుట్టుపక్కల ఊళ్లలో రికార్డు చేసుకున్న ఒగ్గు కథలు. గది పన్నెండు అడుగులకు పద్నాలుగు, పైన స్లాబు, యాంప్లిఫయర్ ఛానెల్‌కు 50 వాట్లది. అమ్మకందారు మాటల్లో వినిపించే మెరుగుదల నిజంగా చెవికి తెలుస్తుందా, లేక ఆ సొమ్మును మరోచోట పెట్టడం మంచిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఒక్కొక్క భాగాన్ని విడిగా తీసుకుని, కారణంతో సహా చెప్పగలిగినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సూర్యాపేట సర్క్యూట్

నమస్కారం. దీనికి ఒక్క మాటలో అవునని గాని కాదని గాని చెప్పడం సరికాదు, ఎందుకంటే ఆ 11,500 రూపాయల్లో మూడు నాలుగు వేర్వేరు మార్పులు కలిసి ఉన్నాయి, ఒకదాని ఫలితానికి మరొకదాని ఫలితానికి పొంతన లేదు.

ముందుగా ట్వీటర్ కెపాసిటర్‌ను చూద్దాం, అసలు విషయమంతా అక్కడే ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో కొంత అంతర్గత నిరోధం తప్పకుండా ఉంటుంది. అది అర ఓమ్ అనుకుంటే 8 ఓమ్‌ల ట్వీటర్‌కు అందే స్థాయి సుమారు అర డెసిబెల్ తగ్గుతుంది. దాన్ని తీసేసి పాలీప్రాపిలీన్ కెపాసిటర్ పెట్టగానే ఆ అర డెసిబెల్ తిరిగి వస్తుంది. ట్వీటర్ పలికే పరిధి అంతటా అర డెసిబెల్ పెరిగితే మనం దాన్ని శబ్దం పెరగడంగా పోల్చుకోము. తాళాలు విడివిడిగా వినిపిస్తున్నాయనీ, గొంతు ముందుకు వచ్చిందనీ అనుకుంటాము. కాబట్టి కెపాసిటర్ మార్చి తేడా విన్నామని చెప్పేవారిది భ్రమ అని కొట్టిపారేయడం అన్యాయం, వారు విన్నది నిజమే. అయితే ఆ తేడా వచ్చింది తగ్గిన నిరోధం వల్ల. ఎలక్ట్రోలైటిక్‌ను అలాగే ఉంచి, వరుసలో ఉన్న రెసిస్టర్ విలువను అర ఓమ్ తగ్గించినా దాదాపు అంతే తేడా వినిపిస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. రూపకర్త ఎలక్ట్రోలైటిక్‌తోనే కొలిచి, విని, రెసిస్టర్లను నిర్ణయించి ఉంటే, మీరు పాలీప్రాపిలీన్ పెట్టినప్పుడు ట్వీటర్ ఆయన ఉద్దేశించినదానికంటే కాస్త గట్టిగా పలుకుతుంది. రెండు రకాల కిట్లలోనూ రెసిస్టర్ల విలువలు ఒకటేనా అని అమ్మకందారును తప్పక అడగండి. ఒకటే అయితే ఆ రెండో రకాన్ని ఎవరూ కొలిచి చూడలేదని అనుమానించడానికి ఆస్కారం ఉంది.

నా దృష్టిలో పాలీప్రాపిలీన్ వైపు మొగ్గడానికి బలమైన కారణం వేరే ఉంది. ఎలక్ట్రోలైటిక్ విలువ ముద్రించిన అంకె కంటే పది శాతం, ఒక్కోసారి ఇరవై శాతం అటూ ఇటూ ఉండవచ్చు. 8 ఓమ్‌లకు 6.8 మైక్రోఫారడ్లు పెడితే లెక్కకు వచ్చే పౌనఃపున్యం సుమారు 2,930 హెర్ట్జ్; విలువ పది శాతం తగ్గితే అది 3,250 దాకా పోతుంది. కుడి స్పీకర్‌లో ఒక విలువ, ఎడమ స్పీకర్‌లో మరొక విలువ ఉంటే గాయని మధ్యలో నిలవదు, కొన్ని స్వరాల దగ్గర ఒక పక్కకు జరుగుతుంది. ఫిల్మ్ కెపాసిటర్లు సాధారణంగా అయిదు శాతం లోపల ఉంటాయి. ఇది కొలిచి చూపించగల మేలు.

ఇక మామూలు పాలీప్రాపిలీన్‌కు, దానికి పదింతల ధర పలికే పాలీప్రాపిలీన్‌కు మధ్య తేడా సంగతి. 3,000 హెర్ట్జ్ దగ్గర ఈ రెండింటి అంతర్గత నిరోధం కొన్ని మిల్లీఓమ్‌లే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఒక మీటరు పొడవుకు 17 మిల్లీఓమ్‌లు ఉంటుంది. అంటే బాక్సు లోపల ట్వీటర్ దాకా లాగిన తీగలో ఉన్న నిరోధం ఈ రెండు కెపాసిటర్ల మధ్య తేడాను మించిపోతుంది. ఆ అదనపు ధరకు నేను ఏ కారణమూ చూపించలేను.

సిమెంటు రెసిస్టర్ల విషయంలో చింత వద్దు. లోపల తీగ చుట్టి ఉంటుంది కనుక ఇండక్టెన్స్ ఉంటుందన్న మాట నిజమే గాని, 2 మైక్రోహెన్రీలు ఉన్నాయనుకున్నా అది 20,000 హెర్ట్జ్ దగ్గర పావు ఓమ్ మాత్రమే, అదీ దశ తేడాతో కలుస్తుంది కనుక 8 ఓమ్‌ల ట్వీటర్ ముందు లెక్కకు రాదు. వూఫర్ కాయిల్ గురించి మాట్లాడాలంటే రెండు రకాల కాయిళ్ల డీసీ నిరోధం ఎంతో తెలియాలి. అమ్మకందారును అడిగి రాయండి.

పాలమూరు ధ్వని (మహబూబ్‌నగర్)

పైన సర్క్యూట్ గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే ఆయన కొత్త భాగాల గురించి మాత్రమే మాట్లాడారు, స్పీకర్లను మనం పదిహేను ఇరవై ఏళ్లు వాడుకుంటాం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల తడి పదార్థం ఉంటుంది, అది కాలక్రమేణా ఆరిపోతుంది, వేడికి మరింత త్వరగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ రంగంలో అందరూ పాటించే స్థూల సూత్రం. మన నల్లగొండ, పాలమూరు ఎండలు ఎటువంటివో చెప్పనక్కర లేదు. స్లాబు కింది గది మే నెల సాయంత్రం కూడా చల్లబడదు. రిపేరుకు వచ్చే పాత స్పీకర్ల క్రాస్‌ఓవర్లను విప్పి చూసేవారికి ఈ సంగతి బాగా తెలుసు: కాయిల్ చెక్కుచెదరదు, రెసిస్టర్ సాధారణంగా బాగానే ఉంటుంది, ఎలక్ట్రోలైటిక్ మాత్రం నిరోధం పెరిగిపోయి ట్వీటర్ గొంతు నొక్కేస్తూ ఉంటుంది. ఆ మార్పు నెమ్మదిగా వస్తుంది కనుక ఇంట్లోవాళ్లు గమనించరు. అందుచేత వూఫర్ పక్కన ఉన్న 10 మైక్రోఫారడ్లతో సహా అన్నీ ఫిల్మ్ రకం పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

అయితే దానికి 11,500 అవసరం లేదు. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యానుకు వాడే కెపాసిటర్ లోపల ఉన్నది మెటలైజ్డ్ పాలీప్రాపిలీన్ ఫిల్మే. 440 వోల్టుల ఏసీకి తట్టుకునేట్టు, ఏళ్ల తరబడి వేడిలో తిరిగేట్టు తయారు చేస్తారు. 2.5, 3.15 మైక్రోఫారడ్ల విలువల్లో మీ నల్లగొండ ప్రకాశం బజార్‌లోని ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. 3.15వి రెండు సమాంతరంగా కలిపితే 6.3, దానికి 0.47 మైక్రోఫారడ్ల చిన్న ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి జోడిస్తే 6.77 వస్తుంది, మీకు కావలసింది 6.8. పదికి 2.5వి నాలుగు సరిపోతాయి. మూడు షరతులు మాత్రం పాటించండి: కొత్తవే కొనండి, పేరున్న తయారీవే కొనండి, ఎల్‌సీఆర్ మీటరుతో (కెపాసిటర్, కాయిల్ విలువలు కొలిచే పరికరం) కొలిచి కుడి ఎడమలకు సరిజోడు కుదిరేట్టు ఎంచుకోండి. మీటరు మీ దగ్గర లేకపోతే హైదరాబాద్‌లో ఇమ్లీబన్ బస్టాండులో దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి, అక్కడి దుకాణాల్లో మీటరు కూడా దొరుకుతుంది. ఈ కెపాసిటర్లు లావుగా ఉంటాయి కనుక క్రాస్‌ఓవర్ బోర్డును కాస్త పెద్దది చేసుకోవలసి ఉంటుంది, అంతకు మించిన ఇబ్బంది లేదు.

చెవితో తేల్చుకోవాలనుకుంటే సరైన పద్ధతిలో తేల్చుకోండి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనే ఇద్దరు పరిశోధకులు హార్మన్ సంస్థ ఉద్యోగులు నలభై మందికి నాలుగు స్పీకర్లను ఒకసారి కళ్లెదుట పెట్టి, మరొకసారి తెర వెనుక పెట్టి వినిపించారు. కళ్లెదుట ఉన్నప్పుడు పెద్దవాటికి, ఖరీదైనవాటికి మార్కులు పెరిగాయి. తెర వెనుకకు పోయేసరికి ఆ తేడాలు చాలావరకు తగ్గిపోయాయి. వారంతా స్పీకర్లు తయారు చేసే సంస్థలో పనిచేసేవారే. మీ కిట్‌లో రెండు బోర్డులు తయారవుతాయి కనుక ఒకదానిలో ఎలక్ట్రోలైటిక్, మరొకదానిలో ఫిల్మ్ పెట్టి, రెండింటినీ బాక్సు బయటే ఉంచి, స్పీకర్లను పక్కపక్కన నిలబెట్టి, మోనోలో ఒకే పాట పెట్టండి. ఇంట్లో ఎవరినైనా మీకు చెప్పకుండా బ్యాలెన్స్ మీటను అటూ ఇటూ తిప్పమనండి. తరువాత బోర్డులను తారుమారు చేసి మళ్లీ వినండి. తేడా బోర్డుతో పాటు వెళ్తే అది కెపాసిటర్‌ది. బాక్సు దగ్గరే ఉండిపోతే అది డ్రైవర్‌దో, స్పీకర్ నిలబెట్టిన చోటుదో.

పానగల్లు శ్రోత (నల్లగొండ)

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకందారును అడిగాను. రెసిస్టర్ల విలువలు రెండు రకాల్లోనూ ఒకటేనట. వూఫర్ కాయిల్ డీసీ నిరోధం ఇనుప కోర్‌దానిలో 0.2 ఓమ్, గాలి కోర్‌దానిలో 0.6 ఓమ్. వూఫర్ సొంత డీసీ నిరోధం 5.6 ఓమ్‌లు. గాలి కోర్ కాయిల్ సంతృప్తం కాదు (ప్రవాహం ఎంత పెరిగినా దాని పనితీరు మారదు) కనుక బాస్ శుభ్రంగా ఉంటుందని వారంటున్నారు. ఒగ్గు డోలు దెబ్బ గట్టిగా వినాలన్నది నా కోరిక కనుక ఈ ఒక్క విషయం వివరంగా తెలుసుకోవాలని ఉంది.

సూర్యాపేట సర్క్యూట్

గాలి కోర్ సంతృప్తం కాదన్న మాట అక్షరాలా నిజం. అయితే ఇనుప కోర్ మీ దగ్గర సంతృప్తమవుతుందా అన్నది చూడాలి. మీ యాంప్లిఫయర్ 8 ఓమ్‌లకు పూర్తి 50 వాట్లు ఇచ్చినప్పుడు ప్రవాహం శిఖరం దగ్గర సుమారు 3.5 ఆంపియర్లు. ఆ పరిమాణపు గదిలో సాయంత్రం పూట వినే స్థాయికి సగటున ఒకటి రెండు వాట్లు చాలు. డోలు దెబ్బ పడిన క్షణంలో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, నిజమే, అయినా పేర్చిన ఇనుప రేకుల కోర్ ఉన్న మంచి కాయిల్ ఆ 3.5 ఆంపియర్లను తట్టుకుంటుంది. చిన్న ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన కాయిల్ అయితే నేను ఈ మాట అనను. మీకు వచ్చేది రేకులదా, ఫెర్రైట్‌దా అన్నది ఫొటో తెప్పించుకుని చూడండి.

ఇక నిరోధం. వూఫర్ 5.6కు కాయిల్ 0.2 కలిస్తే 5.8, కాయిల్ 0.6 కలిస్తే 6.2. అంటే గాలి కోర్ పెడితే వూఫర్ స్థాయి సుమారు 0.6 డెసిబెల్ పడిపోతుంది. వూఫర్ మీద యాంప్లిఫయర్‌కు ఉండే విద్యుత్ పట్టు (కోన్ కదలికను అదుపు చేసే శక్తి) ఏడు శాతం దాకా సడలుతుంది. అదే సమయంలో పాలీప్రాపిలీన్ కెపాసిటర్ వల్ల ట్వీటర్ అర డెసిబెల్ పెరుగుతుంది. రెండూ కలిపి చూస్తే మేలురకం కిట్‌లో వూఫర్‌కు, ట్వీటర్‌కు మధ్య తూకం ఒక డెసిబెల్‌కు పైగా పైస్థాయి వైపు ఒరిగిపోతుంది. వినగానే 'ఎంత స్పష్టంగా ఉంది' అనిపించడానికి అది చాలు. నెల రోజులు వింటే వయొలిన్ కీచుగా అనిపించడానికీ అదే చాలు. సర్క్యూట్ విలువలు మార్చకుండా భాగాల రకం మాత్రమే మార్చి అమ్మడంలో నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఇక్కడే. గాలి కోర్ కావాలంటే 0.2 ఓమ్‌కు వచ్చేంత లావు తీగతో చుట్టినది కావాలి, అది బరువులోనూ ధరలోనూ మరో అంతస్తు. మీరు ఇనుప కోర్‌నే ఉంచుకోండి.

ఈ సందర్భంలో మరొకటి చెప్పాలి. రాగి నిరోధం ఒక్కో సెంటీగ్రేడ్ డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. డిసెంబరు రాత్రి 22 డిగ్రీలున్న గది మే మధ్యాహ్నం 40 డిగ్రీలయితే, పాట పెట్టకముందే మీ వూఫర్ లోపలే ఉండే కాయిల్ (క్రాస్‌ఓవర్‌ది కాదు) 5.6 నుంచి 6 ఓమ్‌లకు చేరుతుంది. రెండు రకాల కాయిళ్ల మధ్య ఉన్న 0.4 ఓమ్ తేడా ఎంతో, మన ఋతువుల మధ్య తేడా కూడా అంతే. క్రాస్‌ఓవర్ భాగాల నిరోధంలో వెయ్యోవంతు తేడాల గురించి ఎవరైనా మాట్లాడితే ఈ అంకెను గుర్తుంచుకోండి.

వనపర్తి వడ్రంగం

నాకు సర్క్యూట్ల గురించి పెద్దగా తెలియదు, బాక్సులు చేస్తాను. మీ మొదటి పోస్టులో బాక్సులను వడ్రంగితో చేయించుకోవాలన్న ఒక్క వాక్యం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక రాస్తున్నాను.

మన దగ్గర వడ్రంగులు బీరువాలు, కిచెన్ అరలు చక్కగా చేస్తారు, అయితే వాళ్లకు అలవాటైన పని వేరు. పటంలో ముందు పలక వెడల్పు 20 సెంటీమీటర్లు ఉంటే, చేతిలో ఉన్న 25 సెంటీమీటర్ల ముక్క వృథా కాకూడదని అలాగే బిగించేస్తారు, వెనక్కి లోతు తగ్గించి లోపలి ఘనపరిమాణం సరిచేశామంటారు. ముందు పలక వెడల్పును బట్టి ధ్వని ముందుకు మాత్రమే రావడం మొదలయ్యే పౌనఃపున్యం మారుతుంది. 115ను మీటర్లలో వెడల్పుతో భాగిస్తే అది స్థూలంగా తెలుస్తుంది. 20 సెంటీమీటర్లకు 575 హెర్ట్జ్, 25 సెంటీమీటర్లకు 460. రూపకర్త వూఫర్ కాయిల్ విలువను ఆ వెడల్పుకు తగ్గట్టే ఎంచుకుని ఉంటాడు. పలక మారిన తరువాత ఎంత గొప్ప కెపాసిటర్ పెట్టినా ఆ లెక్క సరికాదు.

కాబట్టి ఆ 11,500లో కొంత బాక్సుకు కేటాయించండి. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును ఒత్తి చేసిన) పలకను కంప్యూటర్ కటింగ్ చేసే చోట కోయించండి. డ్రైవర్ల గుంతలు, అంచు చెక్కుడు కూడా అక్కడే చేయించండి. పక్క పలకల మధ్య ఒక అడ్డ పట్టీ వేయించండి. కోసిన అంచులు నీళ్లు పీలుస్తాయి కనుక వాటికి జిగురు పూసి ఆరనిచ్చి ఆ తరువాతే రంగు వేయించండి. డ్రైవర్ కింద ఫోమ్ పట్టీ తప్పకుండా ఉండాలి. అంతా బిగించాక పోర్ట్ రంధ్రాన్ని (బాక్సులోంచి గాలి వచ్చిపోయే గొట్టం) అరచేత్తో మూసి, వూఫర్ కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కి వదలండి: నింపాదిగా వెనక్కి వస్తే బాక్సు గాలి పట్టుగా ఉన్నట్టు, వెంటనే వచ్చేస్తే ఎక్కడో సందు ఉన్నట్టు. ఒగ్గు డోలు దెబ్బ గట్టిగా వినాలంటే ముందు ఈ సందులు మూయాలి.

పానగల్లు శ్రోత (నల్లగొండ)

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. మామూలు కిట్‌నే తెప్పిస్తున్నాను. కాయిల్ ఫొటో వచ్చింది, రేకుల కోరే. ట్వీటర్ వైపు కెపాసిటర్లను పాలమూరు ధ్వని గారు చెప్పినట్టు ఫ్యాన్ కెపాసిటర్లతో చేసుకుని, ట్వీటర్ రెసిస్టర్‌ను అర ఓమ్ పెంచి, మోనోలో పోల్చి చూస్తాను. వూఫర్ వైపు 10 మైక్రోఫారడ్లను ఇప్పటికి ఎలక్ట్రోలైటిక్‌గానే ఉంచి, తరువాత మార్చాలనుకుంటున్నాను. అది సమాంతరంలో ఉంది కనుక ఇబ్బంది ఉండదనుకుంటాను. పలకలను కంప్యూటర్ కటింగ్‌కు ఇస్తున్నాను. బోర్డు మీద భాగాలను అమర్చేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పగలరు.

సూర్యాపేట సర్క్యూట్

మంచి నిర్ణయం. వూఫర్ వైపు కెపాసిటర్‌ను తరువాత మార్చుకోవచ్చు. మార్చే రోజున దానికి వరుసలో పావు నుంచి అర ఓమ్ రెసిస్టర్ ఒకటి పెడితే పాత ప్రవర్తన దాదాపు అలాగే నిలుస్తుంది.

అమరికలో కాయిళ్ల గురించే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలి. వూఫర్ కాయిల్‌ను, ట్వీటర్ కాయిల్‌ను బోర్డు చెరో చివర పెట్టి, ఒకటి పడుకోబెడితే మరొకదాన్ని నిలబెట్టండి. రెండూ ఒకే దిశలో పక్కపక్కన ఉంటే ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదానిలోకి చేరి వూఫర్ సంకేతం ట్వీటర్‌కు పాకుతుంది. గాలి కోర్ ఉన్న ట్వీటర్ కాయిల్ నడుమ నుంచి ఇనుప బోల్టు వేయకండి, దాని విలువే మారిపోతుంది. ఇత్తడి మర గాని ప్లాస్టిక్ టై గాని వాడండి. బోర్డును వూఫర్ అయస్కాంతానికి దూరంగా, బాక్సు అడుగున బిగించండి. సిమెంటు రెసిస్టర్లు పనిలో వేడెక్కుతాయి కనుక వాటిని బోర్డుకు కొన్ని మిల్లీమీటర్లు ఎత్తులో ఉంచి సోల్డర్ చేయండి, వాటి దగ్గర గ్లూగన్ జిగురు వాడవద్దు. ఫ్యాన్ కెపాసిటర్లకు మాత్రం రెండేసి టైలు వేయండి, బరువుకు ఊగితే సోల్డర్ జాయింటు విరుగుతుంది.